‘యువత’ ఏ వయసుతో ఆగుతుంది? నియమావళిలో ఏమని రాయాలి?

కొత్తముసాయిదా

ఒక యువజన సంఘానికి నియమావళి తయారవుతోంది. పేరు, ఆశయాలు, చందా, సమావేశాల కోరం అన్నీ ఒక కొలిక్కి వచ్చాయి. ‘సభ్యత్వ అర్హత’ అన్న ఒక్క పేరా దగ్గర బండి ఆగిపోయింది. యువత అంటే ఎన్నేళ్ల నుంచి ఎన్నేళ్ల దాకా అన్నది తేలడం లేదు.

ఒక వర్గం 18 నుంచి 25 అంటోంది. మెదడు 25 ఏళ్లకు పూర్తిగా తయారవుతుంది, ఆ తర్వాత మనిషి పెద్దవాడైపోయినట్టే, కాబట్టి గీత అక్కడే గీయాలని వాళ్ల మాట. ఇంకో వర్గం 35 దాకా ఉంచాలంటోంది. అసలు అంకెలే వద్దు, ‘సంసార బాధ్యతలు మీద పడనివారు’ అని రాస్తే సరిపోతుందన్న సూచన కూడా వచ్చింది.

తెలిసినవాళ్లు వీటికి జవాబు చెప్పండి:

1. కింది వయసు, పై వయసు దేన్ని చూసి పెట్టాలి?
2. 25 ఏళ్ల మెదడు సంగతి నిజమేనా? దాన్ని కారణంగా చూపొచ్చా?
3. 16, 17 ఏళ్లవాళ్లను చేర్చుకుంటే ఓటు ఇవ్వొచ్చా? కోశాధికారిని చేయొచ్చా?
4. పదవిలో ఉండగా పై వయసు దాటితే ఏం చేయాలి?

‘వయసు ఒంటికి కాదు, మనసుకు’ లాంటి జవాబులు మాత్రం వద్దండి. కాగితం మీద పెట్టగలిగేవి కావాలి.

నిండినఏడు

ముందు ఒక ముడి విప్పాలి. యవ్వనం ముగియడం, పెద్దరికం మొదలవడం ఒకే గీతకు అటూ ఇటూ ఉన్నట్టు మీ చర్చ సాగుతోంది. కాగితాల్లో అలా లేదు. మేజరు కావడం గడప లాంటిది: నిన్న ఇవతల, ఇవాళ అవతల. యువత అన్నది ఆ గడప మీదుగా రెండు పక్కలా పరిచిన చాప.

16 ఏళ్ల మనిషినే తీసుకోండి. 1989 బాలల హక్కుల ఒప్పందం ప్రకారం బాలలే (ఆ దేశ చట్టం అంతకుముందే మేజరును చేస్తే తప్ప, 18 లోపు అందరూ బాలలే). ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారం, అంటే 10–19. ఐక్యరాజ్యసమితి గణాంకాల లెక్కలో యువత, అంటే 15–24. మూడూ ఒకేసారి. 22 ఏళ్ల మనిషి దాదాపు అన్ని దేశాల్లో మేజరే, అయినా యువతే.

పై వయసుకు అందరూ ఒప్పుకున్న అంకె లేదు. 15–24 అన్నది 1985 అంతర్జాతీయ యువజన సంవత్సరం సన్నాహాల్లో గణాంకాల సౌకర్యం కోసం పెట్టుకున్నది. సభ్యదేశాలు వాడుకునే నిర్వచనాలకు దీనితో భంగం లేదని అప్పుడే చెప్పుకున్నారు. అదే ఐక్యరాజ్యసమితిలో భద్రతామండలి 2015లో 2250 తీర్మానానికి వచ్చేసరికి 18–29 అంది. కామన్వెల్త్ 15–29 అంటుంది. యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ప్లస్ యువజన కార్యక్రమాలకు 13–30. 2006 నాటి ఆఫ్రికా యువజన చార్టర్‌లో 15–35. ఎవరి పనికి తగ్గ కొలత వాళ్లు కొలుచుకున్నారు. మీరూ అదే చేయండి. గ్రాంటు కోసం ఎవరికైనా దరఖాస్తు పెట్టే ఉద్దేశం ఉంటే వాళ్ల వయసు పరిధి ముందే తెలుసుకోండి. వాళ్లది 29, మీది 35 అయితే ప్రతి దరఖాస్తుకూ సభ్యుల జాబితాను రెండుగా చీల్చుకోవాలి.

‘సంసార బాధ్యతలు మీద పడనివారు’ వద్దే వద్దు. 19కే పెళ్లయినవాళ్లు బయటికి, 48 ఏళ్ల బ్రహ్మచారి లోపలికి.

అంకె కుదిరాక అసలు గొయ్యి భాషలో ఉంది. తెలుగులో ‘పద్దెనిమిదో ఏడు నడుస్తోంది’ అంటే నిండినవి 17. ‘పద్దెనిమిదిలో పడ్డాడు’ అన్నా అంతే. ‘పద్దెనిమిది వచ్చాయి’ అంటే ఒకరికి నిండినట్టు, ఇంకొకరికి నడుస్తున్నట్టు. ‘18–29 ఏళ్లవారు’ అని రాసి వదిలేస్తే 29 ఏళ్ల 7 నెలల మనిషి లోపలా బయటా అన్న పేచీ మొదటి ఎన్నికల్లోనే వస్తుంది. రెండు చివర్లా ‘నిండు’ అన్న మాటే వాడండి: ‘15 ఏళ్లు నిండి, 30 ఏళ్లు నిండనివారు’.

ఏడు నిండేది ఏ రోజు? పుట్టినరోజు నాడే కదా అనిపిస్తుంది. ఇంగ్లండు పాత ఉమ్మడి న్యాయం (కామన్ లా) ప్రకారం పుట్టినరోజుకు ముందు రోజే నిండినట్టు లెక్క. పుట్టిన రోజును కూడా ఒక పూర్తి రోజుగా కలుపుతారు కాబట్టి, ముందు రోజుకే సంవత్సరం పూర్తయిపోతుంది. మేజరు వయసును 21 నుంచి 18కి దించిన చట్టంతోనే, 1970 జనవరి 1 నుంచి, అక్కడ దీన్నీ మార్చారు. అమెరికాలో పింఛన్లు చూసే సోషల్ సెక్యూరిటీ మాత్రం ఇప్పటికీ ముందు రోజు లెక్కే వాడుతుంది. జపాన్‌లో 1902 నాటి చట్టం ప్రకారం ముందు రోజు ముగియగానే ఏడు నిండుతుంది. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి, ఏప్రిల్ 1న పుట్టిన పిల్లలు మార్చిలో పుట్టినవాళ్లతో కలిసి పై తరగతిలో కూర్చుంటారు. ఒక్క రోజు తర్వాత పుట్టినవాళ్లు కింది తరగతిలో. మీరు ఏ లెక్క పెట్టుకున్నా ఫరవాలేదు గానీ ఒక వాక్యంలో రాసి పెట్టండి.

మూడో ప్రశ్న. ఓటు, సంతకం వేర్వేరు. సంఘం లోపలి ఓటు మీ ఇష్టం, చాలా సంఘాలు 16కే ఇస్తాయి. (దేశం ఎన్నికల్లోనే ఆస్ట్రియా 2007 నుంచి 16కు ఓటు ఇస్తోంది.) సంతకం అలా కాదు. మైనరు చేసుకున్న ఒప్పందం చాలా చట్టాల్లో నిలబడదు, ఎంతవరకు నిలబడదన్నదే తేడా. ఇంగ్లండు న్యాయంలో తిండి, బట్ట లాంటి అవసరాలకు చేసుకున్నది మైనరును కట్టుబడేలా చేస్తుంది. భారత చట్టంలో 1903 నాటి ప్రీవీ కౌన్సిల్ (అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు) తీర్పు తర్వాత మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదే. అంటే 17 ఏళ్ల కోశాధికారి హాలు అద్దె ఒప్పందం మీద సంతకం పెడితే హాలు యజమానికి అది చిత్తుకాగితం కావచ్చు. సంఘం రిజిస్టరైతే కార్యవర్గంలో ఎవరు ఉండవచ్చో రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, ముందు అది చూడండి.

మేజరు వయసు కూడా అంతటా 18 అనుకోవద్దు. స్కాట్లండులో ఒప్పందం చేసుకునే అర్హత 16కే వస్తుంది, దక్షిణ కొరియాలో మేజరు వయసు 19. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 18 అయినా అలబామా, నెబ్రాస్కాలలో 19, మిసిసిపిలో 21. జపాన్ 2022 ఏప్రిల్‌లో 20 నుంచి 18కి దిగింది. అందుకే నియమావళిలో ‘18’ అని కాకుండా ‘వర్తించే చట్టం ప్రకారం మేజరు’ అని రాస్తే చట్టం మారినా మీ కాగితం పాతబడదు.

జత్రుక

రెండో ప్రశ్నకు. ‘మెదడు 25కి పూర్తవుతుంది’ అని తేల్చిన పరిశోధన ఏదీ లేదు. ఆ అంకె ఎలా పాకిందో చూస్తే మీ వాళ్లకు చెప్పడం తేలిక.

2004లో వచ్చిన, అందరూ ఎత్తి చూపే స్కాన్ల పరిశోధనలో 13 మందిని 4 ఏళ్ల నుంచి 21 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి ఎంఆర్ఐ తీశారు. మెదడు పైపొరలోని బూడిద పదార్థం చిన్నతనంలో దట్టంగా ఉండి, వాడని జోడింపులు రాలిపోతున్నకొద్దీ పలచబడుతుంది. ఆ పని వెనక నుంచి ముందుకు సాగుతుంది: కదలిక, స్పర్శ చూసే భాగాలు ముందు, నుదుటి వెనక ఉండే ప్రణాళిక, నిగ్రహం చూసే ప్రీఫ్రంటల్ భాగం బాగా ఆలస్యంగా. 21 దగ్గర స్కాన్లు ఆగాయి, మార్పు ఆగలేదు. ‘ఇరవైల మధ్య దాకా సాగుతుంది’ అన్న మాట చేతులు మారి ‘25కి ముగుస్తుంది’గా స్థిరపడింది.

తర్వాత ఇంకా పెద్ద వయసు దాకా చూసినప్పుడు కథ మరింత సాగింది. నరాల తీగల మీద మయెలిన్ తొడుగు పడటం వల్ల పెరిగే తెల్ల పదార్థం ముప్పైలు దాటాక కూడా మారుతూనే ఉంటుంది. 2025 నవంబరులో కేంబ్రిడ్జి పరిశోధకులు సున్నా నుంచి 90 ఏళ్ల దాకా దాదాపు 3,800 మంది స్కాన్లలో మెదడు భాగాల మధ్య అనుసంధానం ఎలా మారుతుందో చూసి, సగటున 9, 32, 66, 83 ఏళ్ల దగ్గర మలుపులు ఉన్నాయన్నారు. దాన్ని పట్టుకుని ‘32 దాకా టీనేజే’ అని శీర్షికలు వచ్చాయి. అది కూడా తప్పు చదువే. సగటు మలుపు వేరు, ఒక మనిషికి గడువు తేదీ వేరు.

ఒక చిన్న సంగతి. 25 అన్న అంకె స్కాన్ల కన్నా చాలా పాతది. క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో రోములో తెచ్చిన ప్లేటోరియా చట్టం, 25 లోపువాళ్లను ఒప్పందాల్లో మోసం చేస్తే శిక్ష అంది. ఫలితం? 25 లోపువాళ్లతో లావాదేవీకే జనం జంకారు. చివరికి పక్కన ఒక సంరక్షకుడు ఉంటే తప్ప బేరం కుదరని పరిస్థితి వచ్చింది. రక్షణ కోసం గీసిన గీత పరపతిని కోసేసింది. మీ సంఘంలోనూ ‘25 లోపువాళ్లకు పరిపక్వత లేదు’ అని రాతలో పెడితే జరిగేది ఇదే, పనులన్నీ 25 దాటినవాళ్ల చేతికే పోతాయి.

మరి మెదడు పరిశోధనల్లో మీకు పనికొచ్చేది ఏమీ లేదా? ఒకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టెయిన్‌బర్గ్ బృందం 11 దేశాల్లో 10–30 ఏళ్ల మధ్యవాళ్లను 5,000 పైచిలుకు మందిని పరీక్షించింది (2019). తొందర లేకుండా, కుదురుగా కూర్చుని ఆలోచించే శక్తి దాదాపు 16కే పెద్దల స్థాయికి వస్తుంది. ఉద్వేగం, తోటివాళ్ల చూపు, వేడి ఉన్నప్పుడు తమాయించుకునే శక్తి మాత్రం 18 దాటాక కూడా పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండో శక్తి గురించి అంతకుముందు, 2005లో చేసిన ఒక ప్రయోగం చూడండి. కంప్యూటరు తెర మీద కారు పోతుంటుంది, పసుపు లైటు వెలుగుతుంది, ఎంత దూరం పోనిస్తే అంత లాభం. కానీ ఏ క్షణాన్నయినా ఎదురుగా గోడ లేవొచ్చు, తగిలితే వచ్చినదంతా పోతుంది. 13–16, 18–22, 24 పైబడినవారు అని మూడు జట్లు. సగం మంది ఒంటరిగా, సగం మంది పక్కన ఇద్దరు స్నేహితులు చూస్తుండగా ఆడారు. స్నేహితులు ఉన్నప్పుడు చిన్నవాళ్లు బాగా, మధ్యవాళ్లు కొంత ఎక్కువగా తెగించారు. పెద్దజట్టులో తేడా రాలేదు.

దీన్ని నియమాలుగా మారిస్తే: 16 ఏళ్లవాళ్లకు ఓటు, ఎజెండా, బడ్జెటు చర్చ నిస్సందేహంగా ఇవ్వొచ్చు, ఎందుకంటే అవి కుదురుగా చేసే పనులు. అక్కడికక్కడే, గుంపులో, ఉత్సాహంలో తీసుకునే నిర్ణయాలకు (ప్రయాణం మధ్యలో దారి మార్చడం, రాత్రి వాహనం నడపడం, అప్పటికప్పుడు డబ్బు ఖర్చు) అడ్డుకట్ట వయసుతో కాకుండా పద్ధతితో వేయండి. ఇద్దరి సంతకం, ఒక పరిమితి దాటిన ఖర్చుకు 24 గంటల ఆగుడు. ఇది 29 ఏళ్లవాళ్లకూ మంచిదే.

ఇంకోటి, సమావేశం వేళ. టీనేజిలో నిద్ర గడియారం ఏటేటా వెనక్కి జరుగుతుంది, ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడం పెరుగుతుంది. 2004లో దాదాపు 25,000 మంది నిద్ర వేళలు చూసినప్పుడు ఈ జరగడం ఆడవాళ్లలో సుమారు 19.5 ఏళ్లకు, మగవాళ్లలో 20.9కి శిఖరం తాకి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు మళ్లింది. కౌమారం ముగిసిందని చెప్పే జీవసంబంధ గుర్తుగా దీన్ని తీసుకోవచ్చని ఆ పరిశోధకులే సూచించారు. ఉదయం 7 గంటలకు సమావేశం పెట్టి ‘చిన్నవాళ్లకు శ్రద్ధ లేదు’ అనుకునే సంఘాలకు ఇది చూపించాలి.

వయసు రుజువుకు ఎముకల పరీక్ష అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చేతి ఎక్స్‌రేను పోల్చే గ్రూలిక్–పైల్ అట్లాస్ 1930ల ప్రాంతంలో అమెరికాలో కలిగిన ఇళ్ల పిల్లల చిత్రాలతో తయారైంది. పోషణ తక్కువైనవాళ్ల ఎముకలు వెనకబడి, వయసు తక్కువ చూపిస్తాయి. రెండేళ్లు అటూ ఇటూ మామూలే. శరీరంలో ఆఖరున అతుక్కునేది జత్రుక (కాలర్ బోన్) ఛాతీ వైపు కొస. అది పూర్తయ్యేసరికి ఇరవైల చివరికి రావచ్చు. సీటీ స్కాన్‌లో దాన్ని 5 దశలుగా చదువుతారు, నాలుగో దశ అంటే పూర్తిగా అతుక్కుని మచ్చ మిగిలి ఉండటం. అది కనిపిస్తే 18 దాటినట్టే తీసుకుంటారు. కానీ అది కనిపించనంత మాత్రాన 18 దాటలేదని కాదు. ఫిఫా 2009 నుంచి 17 ఏళ్ల లోపు ప్రపంచకప్‌లో ఎడమ మణికట్టుకు ఎంఆర్ఐ తీయిస్తున్నదీ ఇలాంటి ఒకవైపే తేల్చే పరీక్షే: ఎముక పూర్తిగా అతుక్కుంటే వయసు దాటినట్టు, అతుక్కోకపోతే ఏమీ తేలనట్టు. సభ్యత్వ దరఖాస్తుకు స్కాన్లెందుకు?

మధ్యగట్టు

పై ఇద్దరూ చెప్పనిది ఒకటి. ‘పెద్దవాళ్లం అయ్యాం’ అని జనం దేన్ని బట్టి అనుకుంటారు అన్నది. మీ ‘బాధ్యతలు’ వాక్యం వెనక ఉన్న ఆలోచన పూర్తిగా పనికిరానిదేమీ కాదు, రాసిన చోటు తప్పంతే.

జనాభా శాస్త్రంలో చాలాకాలం అయిదు గుర్తులు లెక్కపెట్టేవారు: చదువు ముగియడం, పుట్టింటి నుంచి వేరుపడటం, పూర్తికాల ఉద్యోగం, పెళ్లి, బిడ్డ. ఇవి ఒకప్పుడు కొద్ది ఏళ్లలో వరసగా జరిగిపోయేవి. ఇప్పుడు వరస తప్పింది. ఉద్యోగం చేస్తూ మళ్లీ చదువు, వేరుపడి తిరిగి ఇంటికి రావడం, కొందరికి ఆఖరి రెండూ అసలే లేకపోవడం. అయిదింటిలో మూడు వచ్చినవాళ్లు పెద్దవాళ్లా, నాలుగు రావాలా? ఈ లెక్క ఎవరూ తేల్చలేరు.

మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో 18 నుంచి 25 మధ్యకు ‘ఎమర్జింగ్ అడల్ట్‌హుడ్’ అని వేరే పేరు పెట్టాడు, పెద్దరికం మొలకెత్తుతున్న దశ అనుకోండి. ఆయన అడిగినవాళ్లు పెళ్లినీ ఉద్యోగాన్నీ ముందు చెప్పలేదు. ముందుకొచ్చినవి మూడు: తన పనులకు తానే జవాబుదారీ కావడం, తన నిర్ణయం తాను తీసుకోవడం, డబ్బుకు ఒకరి మీద ఆధారపడకపోవడం. మూడూ మెట్టుమెట్టుగా వచ్చేవే, ఒక్క రోజున వచ్చేవి కావు. పైగా అన్ని సమాజాల్లోనూ ఇవే కాదు. చైనా విద్యార్థులను అడిగినప్పుడు తల్లిదండ్రులను పోషించగలగడం ముఖ్యమైన గుర్తుగా వచ్చింది. ఆయనను విమర్శించేవాళ్ల మాట కూడా న్యాయమైనదే: 18కే పనిలోకి దిగాల్సి వచ్చినవాళ్లకు వెతుక్కునే ఈ దశ దక్కదు, అది జీవిత దశ కన్నా వీలున్నవాళ్లకు దొరికిన వెసులుబాటు అని.

మీ కాగితానికి దీంతో పనేమిటంటే, సభ్యత్వానికి వయసు పెట్టి, బాధ్యతకు మెట్లు పెట్టండి. ఉదాహరణకు కొత్త సభ్యుడు మొదటి 3 నెలలు ఒక కార్యక్రమంలో సహాయం, తర్వాత చిన్న బడ్జెటు ఉన్న ఒక పనికి తానే బాధ్యుడు, లెక్క రాతపూర్వకంగా అప్పజెప్పాకే పదవికి పోటీ. 17 ఏళ్లవాళ్లకూ 27 ఏళ్లవాళ్లకూ ఒకే మెట్లు. ఇది దెబ్బతినేది ఎక్కడంటే, పని అప్పగించి నిర్ణయం చేతిలోనే పెట్టుకున్నప్పుడు. పోస్టరు అతికించే పని చిన్నవాళ్లది, పోస్టరులో ఏముండాలో పెద్దవాళ్లది అయితే మెట్లు ఎక్కినట్టు కనిపిస్తుంది, ఎవరూ ఎక్కరు.

ముప్పైఅయిదు

పై వయసు 35 ఉంచమనేవాళ్ల తరఫున ఒక మాట. చదువులు పొడుగయ్యాయి, నిలకడైన ఉద్యోగం, సొంత ఇల్లు అన్నీ వెనక్కి జరిగాయి. 30కి బయటికి పంపితే, పని నేర్చుకున్నవాళ్లను సరిగ్గా పనికొచ్చే సమయానికి పోగొట్టుకున్నట్టు కాదా? ఆఫ్రికాలో 55 దేశాల కూటమి ఊరికే 35 అనలేదు.

నిండినఏడు

35లో తప్పేమీ లేదండి. ఇబ్బంది పై అంకెతో కాదు, పరిధి వెడల్పుతో. 15 నుంచి 35 అంటే 20 ఏళ్ల పరిధి. 34 ఏళ్ల మనిషికీ 16 ఏళ్ల మనిషికీ పోటీ పెడితే పరిచయాలు, డబ్బు, మాట్లాడే అలవాటు ఉన్నవారే గెలుస్తారు, నాలుగేళ్లలో కార్యవర్గం అంతా 30 పైబడినవాళ్లతో నిండుతుంది. 35 కావాలంటే కింది వయసును 18కి తెచ్చుకోండి, లేదా స్థానాలు రిజర్వు చేయండి. ‘కార్యవర్గంలో మూడోవంతుకు తగ్గకుండా ఎన్నిక రోజుకు 22 ఏళ్లు నిండనివారు’ అంటే పని జరుగుతుంది. అనుభవం పోతుందన్న భయానికి ‘సలహా సభ్యుడు’ అని ఓటు లేని హోదా చాలు.

మైనర్లూ పెద్దవాళ్లూ ఒకే సంఘంలో ఉంటే భద్రతా నియమం తప్పనిసరి, దీన్ని తర్వాత చూద్దామని వదలకండి. మైనరు ఉన్న చోట కనీసం ఇద్దరు మేజర్లు. మైనరుతో ఒంటరిగా ప్రయాణం, విడిగా సందేశాలు కుదరవు, గ్రూపులోనే. రాత్రి బస ఉంటే గదులు వేరు. ఫిర్యాదు తీసుకునే మనిషి కార్యవర్గం బయటివారు.

నాలుగో ప్రశ్నకు, అంటే పదవిలో ఉండగా వయసు దాటడానికి, ఈ మాదిరి చూడండి. మీ సొంత అంకెలు వేసుకోవచ్చు:

‘సభ్యత్వ సంవత్సరం మొదటి రోజుకు 15 ఏళ్లు నిండి, 30 ఏళ్లు నిండనివారు సభ్యత్వానికి అర్హులు. పుట్టిన తేదీ తిరిగి వచ్చిన రోజు మొదలుకాగానే ఏడు నిండినట్టు లెక్క.

మేజరు కాని దరఖాస్తుదారు తల్లి, తండ్రి లేదా సంరక్షకుల రాతపూర్వక అంగీకారం జతచేయాలి.

16 ఏళ్లు నిండిన ప్రతి సభ్యునికీ ఓటు ఉంటుంది. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులకు, బ్యాంకు సంతకానికి వర్తించే చట్టం ప్రకారం మేజరై ఉండాలి.

నామినేషన్ రోజుకు అర్హత ఉండి ఎన్నికైనవారు పదవీకాలంలో వయసు దాటినా ఆ కాలం పూర్తి చేస్తారు. తిరిగి పోటీకి అర్హులు కారు.’

చివరి నియమం లేకపోతే ఏమవుతుందంటే, కోశాధికారికి అక్టోబరులో 30 నిండితే ఆ రోజు నుంచి ఆయన సంతకం పెట్టిన చెక్కు చెల్లుతుందా అన్న అనుమానం పుడుతుంది. బ్యాంకులో సంతకందారును మార్చడానికి తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం కావాలి, ఈలోపు చెల్లింపులు నిలిచిపోతాయి.

పుట్టిన తేదీ రుజువుల్లో రెండు కాగితాలు రెండు తేదీలు చూపిస్తే, ముందుగా జారీ అయినదాన్ని తీసుకుంటామని రాయండి. తర్వాత పుట్టిన కాగితం సాధారణంగా ఏదో ఒక అవసరం కోసం పుట్టి ఉంటుంది.

ఆటల పోటీలు కూడా పెట్టేట్టయితే ఒక్క మాట. వయసు విభాగానికి జనవరి 1 గీత అయితే, జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లు డిసెంబరులో పుట్టినవాళ్ల కన్నా దాదాపు ఏడాది పెద్దవాళ్లు. చిన్న వయసు జట్ల ఎంపికలో మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా కనిపించడం చాలా దేశాల్లో, చాలా ఆటల్లో చూసినదే. రెండేళ్ల విభాగాలు పెట్టుకుంటే, గీత తేదీని ఒక పోటీకి జనవరి, తర్వాతి పోటీకి జూలై అని మార్చండి, కొంత సర్దుకుంటుంది.

కొత్తముసాయిదా

చాలా థాంక్సండి అందరికీ. 15 నిండి 30 నిండనివారు, 16కు ఓటు, మేజరుకు సంతకం, మూడోవంతు 22 లోపు అని ముసాయిదాలో ఎక్కించాం. ‘25 మెదడు’ వాక్యం కొట్టేశాం. ఒక్కటే మిగిలింది: ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు ‘పుట్టిన తేదీ తిరిగి వచ్చిన రోజు’ ఏది?

నిండినఏడు

మంచి ప్రశ్న, నా మాదిరి వాక్యంలో ఆ కన్నం ఉంది. హాంకాంగ్ చట్టంలో లీపు కాని ఏడాది మార్చి 1న ఏడు నిండుతుంది, తైవాన్‌లో ఫిబ్రవరి 28న. ఏదో ఒకటి ఎంచుకుని ఆ వాక్యం చివర ఇది కలపండి: ‘ఫిబ్రవరి 29న పుట్టినవారికి లీపు సంవత్సరం కానప్పుడు మార్చి 1’. మీ సభ్యత్వ సంవత్సరం మార్చి 1న మొదలవుతుంటే మాత్రం ఇంకోసారి చూసుకోండి. అప్పుడు ఫిబ్రవరి 28 పెడతారా, మార్చి 1 పెడతారా అన్నది సభ్యత్వానికి ఏమీ తేడా చేయదు గానీ, ఫిబ్రవరి 28న నామినేషన్లు ఉంటే తేడా చేస్తుంది.